మూలలు తీసిన పలక

"అమ్మా, తలుపు తియ్యి. పన్నెండున్నర దాటింది. పొద్దుటినుంచీ నీ కడుపులో ఏమీ పడలేదు."

గదిలో మంచం ఒకసారి కిర్రుమంది.

"అమ్మా!"

"నేను పోయానని చెప్పు," అంది ఫిలొమీనా లోపలినుంచి. చెంప వాచిపోవడంతో మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఎవరికి చెప్పను?"

"నీ పెళ్ళానికి."

మెట్ల కింద నిలబడ్డ హలీనాకి ఆ మాట స్పష్టంగా వినిపించింది. వినిపించాలనే ఆవిడ అన్నది.

గురువారం సాయంత్రం నుంచి అత్తగారికి ఆమెతో మాటల్లేవు. శుక్రవారం నుంచి కొడుకుతోనూ అంతంతమాత్రమే. ఇవాళ ఆదివారం. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఎనిమిదేళ్ళలో ఆదివారం పూట పొయ్యి మీద టొమాటో సాస్ ఉడకకుండా ఉండటం హలీనా చూడలేదు. జ్వరమొచ్చినా, మంచు మోకాళ్ళలోతు పడ్డా, ఫిలొమీనా తెల్లవారేసరికి వెల్లుల్లి వేయించేది. ఇవాళ వంటింట్లో ఏ వాసనా లేదు. ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది.

డారియో మెట్లు దిగి వచ్చాడు. బడిలో పిల్లలకి బ్యాండు వాయించడం నేర్పే మనిషి. ముప్పై బూరల మోత భరించగలడు గానీ తల్లి మౌనం భరించలేడు.

"నువ్వన్న మాటే పట్టుకుని కూచుంది."

"తెలుసు."

"అంత మాట నీ నోట ఎలా వచ్చింది హలీనా?"

ఎలా వచ్చిందో ఆమెకీ తెలియదు. గురువారం పళ్ళ డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీసే సెన్సరు పలక అత్తగారి నోట్లో మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ ఆవిడ నాలుకతో బయటికి తోసేసింది. మూడోసారి నాలుక కింద చీరుకుని రక్తం వచ్చింది. ఆవిడ మెడలో కట్టిన కాగితం తువ్వాలు లాగి పారేసి కుర్చీలోంచి లేచిపోయింది. కారెక్కాక, అప్పటికే రెండు గంటలుగా బతిమాలి అలసిపోయిన హలీనా అనేసింది: "పది సెకండ్ల పని అత్తయ్యా. మీది నొప్పి కాదు, నాటకం."

ఆ మాట అన్నది ఇంకెవరైనా అయితే వేరు. హలీనా పన్నెండేళ్ళుగా అవే సెన్సర్లు డిజైన్ చేస్తోంది. నోటికి హాయిగా ఉండే సెన్సరు కోసం ఏడాదిన్నరగా ఆఫీసులో అందరితోనూ పోట్లాడుతోంది. రోగి బాధను పట్టించుకోవాలని మీటింగు మీటింగుకీ గొంతు చించుకునే తాను, ఇంట్లో రోగిని పట్టుకుని నాటకమంది.

"బుధవారం రెండు పళ్ళూ పీకించేద్దాం. పీడా పోతుంది," అన్నాడు డారియో.

"రెండూ ఎందుకు? చెడిపోయింది ఒకటే అయ్యుండొచ్చుగా."

"ఏది చెడిందో తెలిస్తేగా! రెంటికీ కలిపి ఒకే బంగారు తొడుగుంది. తల చుట్టూ తిరిగే యంత్రంలో తీస్తే ఆ తొడుగు మెరుపుకి అంతా తెల్లబారిపోయింది. లోపలినుంచి తీద్దామంటే ఈవిడ నోరు తెరవదు. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?"

"అటుపక్క మిగిలినవే ఆ రెండు, డారియో. అవీ పోతే ఇక ఆవిడ ఏం నములుతుంది?"

"అదేదో వెళ్ళి ఆవిడతోనే చెప్పు."

చెప్పడానికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? అయినా హలీనా మెట్లెక్కింది. తలుపు ముందు నేలమీద కూచుంది. నిలబడి మాట్లాడితే మళ్ళీ డాక్టరమ్మ బోధలా ఉంటుందని ఆమెకి తోచింది.

"అత్తయ్యా, నేను."

లోపల దుప్పటి ముసుగు లాక్కున్న చప్పుడు.

"గురువారం నేనన్నది తప్పు. క్షమించండి."

"నాటకమన్నావుగా," అంది లోపలి గొంతు. "తెర దించేశాను. టిక్కెట్లు కొన్నవాళ్ళని ఇళ్ళకి పొమ్మను."

హలీనాకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఆ బిళ్ళ నీ కంపెనీదేగా?" అంది ఫిలొమీనా.

"మాదే."

"జనాల నోళ్ళు కొయ్యడానికి చదువు కావాలేం? మా రోజుల్లో ఉత్త చాకుతో అయిపోయేది."

"ఎక్కడ గుచ్చుకుంటోందో ఒక్కసారి చూపిస్తారా?"

గడియ తీసిన శబ్దం వినిపించింది. ఫిలొమీనా గుమ్మంలో నిలబడి ఉంది. నలిగిన గౌను, దువ్వని జుట్టు, నిమ్మకాయ దాచుకున్నట్టు ఒక చెంప.

"యాభై ఏళ్ళుగా పళ్ళ డాక్టర్ల దగ్గరికి తిరుగుతున్నాను," అంది. "కదలకు అన్నారు, ఓర్చుకో అన్నారు, చిన్నపిల్లవా అన్నారు. ఎక్కడ గుచ్చుకుంటోంది అని ఒక్కడూ అడగలేదు."

ఆవిడని కిటికీ దగ్గర కుర్చీలో కూచోబెట్టి, హలీనా ఫోను లైటు వేసింది. నాలుక పైకెత్తమంది. చూసి, లైటు ఇంకా దగ్గరగా పెట్టింది.

కింది దవడ లోపలివైపు, నాలుకకి చెరో పక్కా, నున్నటి ఎముక గడ్డలు. శనగగింజంత ఒకటి, అంతకన్నా పెద్దది ఇంకొకటి. వాటి మీద ఉల్లిపొరంత పల్చటి చర్మం. పెద్ద గడ్డ మీద, గురువారం సెన్సరు మూల దిగినచోట, ఎర్రటి గాటు.

ఆఫీసులో హలీనా బల్ల మీద ప్లాస్టర్‌తో పోసిన దవడల అచ్చులు ఒక ట్రే నిండా ఉంటాయి. అలాంటి గడ్డలున్నవి వాటిలో నాలుగున్నాయి. వాటిని రోజూ చూస్తూనే ఉంటుంది. తన ఇంట్లో, తన బల్ల దగ్గరే భోంచేసే మనిషి నోట్లో అవి ఉన్నాయని ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

"ఏమిటే, అంతలా చూస్తున్నావు? కేన్సరా?"

"కాదు అత్తయ్యా. ఎముక. అక్కడ అలా పెరిగింది, అంతే. చాలామందికి ఉంటుంది. వాటివల్ల ఏ ప్రమాదమూ లేదు. కానీ గట్టి పలకని తెచ్చి వాటి మీద పెట్టి కరవమంటే..." ఆమె ఫోను లైటు ఆర్పేసింది. "ఎవరైనా తోసేస్తారు. నేనైతే డాక్టరు వేలు కరిచేదాన్ని."

ఫిలొమీనా కిటికీలోంచి పక్కింటివాళ్ళు మంచు తవ్వుకోవడం చూస్తూ ఉండిపోయింది.

"మా ఆయన నవ్వేవాడు," అంది చివరికి. "ఇద్దరు బిడ్డల్ని కన్నదానివి, ఈ గోరంత దానికి ఏడుస్తావేమే అని. పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. పిరికిదాన్నే కాబోలని."

"మీరు పిరికివారు కారు."

"ఇంకోసారి చెప్పు."

"మీరు పిరికివారు కారు, అత్తయ్యా."

"కిందకెళ్ళి వాడితో కూడా చెప్పు. గట్టిగా చెప్పు, బూరలు విని విని చెవులు పోయాయి వాడికి."

హలీనా తన ఆఫీసు సంచీ తెచ్చి, తాను చేస్తున్న కొత్త సెన్సరు నమూనా, నీలం రంగు పలక ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. లోపల ఏమీ లేని ఉత్త డొల్ల. నాలుగు మూలలూ ఏటవాలుగా తీసేసి ఉన్నాయి. అడుగంచు గుండ్రంగా తిరిగి, మెత్తటి రబ్బరు పొరలోకి కలిసిపోయింది. తీగ పక్కనుంచి కాకుండా వీపు మధ్యనుంచి వాలుగా బయటికొచ్చింది.

ఫిలొమీనా ముప్పై ఒక్క ఏళ్ళు మగవాళ్ళ సూట్లు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి మూలలు తిప్పింది. ఆ బొటనవేలితో పలక అంచు చుట్టూ ఒకసారి మెల్లగా రాసింది. మళ్ళీ ఇంకోసారి.

"మూల తిప్పడం తెలిసిన చెయ్యి," అంది.

ఎనిమిదేళ్ళలో అత్తగారి నోట హలీనా విన్న మొదటి మెప్పు అది.

"మరి ఇది ఆ డాక్టరు దగ్గర ఎందుకు లేదు?"

"ఇంకా ఎక్కడా లేదు. దంత కళాశాలలో మాత్రం పరీక్షిస్తున్నారు. మంగళవారం మా కంపెనీ యజమాని ఆస్ట్రాండర్ గారు దీన్ని ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. తీసేస్తారనే అందరూ అంటున్నారు."

"మంగళవారమా? అయితే రేపు ఆ కళాశాలకి పోదాం," అంది ఫిలొమీనా. "పద, నా కోటు ఎక్కడుందో చూడు. రేపటికి ఇస్త్రీ చెయ్యాలి."

* * *

సోమవారం దంత కళాశాలలో డాక్టర్ బెవిన్స్ అనుమతి పత్రం ఫిలొమీనా టార్టాలియా ముందు పెట్టింది. పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. పరీక్షలు నడిపేది ఆమే.

"ఒక మాట ముందే చెప్పాలి, టార్టాలియా గారూ. ఈ పలక చేసినామె మీ కోడలు. అందుకని మీ ఫలితం మా లెక్కలోకి తీసుకోం. ఎలాగూ మీకు ఎక్స్‌రే అవసరం కాబట్టి తీస్తున్నాం, అంతే."

"లెక్కలోకి రాకపోతే పీడాపోయె. నోట్లోకి వస్తే చాలు."

హలీనాని గది బయట ఉండమన్నారు. అద్దంలోంచి ఆమెకి కనిపించేవి రెండే: అత్తగారి బూట్లు, కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు. ఆ వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

డారియో పక్కనే నిలబడ్డాడు. బడికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. "తోసేస్తుంది చూడు," అన్నాడు.

"నోరు మూసుకో."

లోపల డాక్టర్ బెవిన్స్ గొంతు వినిపించింది. "నాలుక కిందకి దింపుతున్నాను. గడ్డకి పక్కగా. తగిలిందా?"

"ఊఁ."

"నొప్పా?"

హలీనా చెయ్యి డారియో చేతిని వెతుక్కుంది.

"ఇప్పుడు మెల్లిగా కరవండి. ఇంకా. ఇంకొంచెం. అంతే, పూర్తిగా."

కుర్చీ మీది వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. హలీనా అది చూసింది. చిటికెన వేలు ముందు, తరవాత పక్కది, ఆఖరికి బొటనవేలు. చెయ్యి ఊరికే పడుకుంది.

యంత్రం ఒకసారి బీప్‌మంది.

"అయిపోయింది," అంది డాక్టర్ బెవిన్స్.

"ఏమిటి అయిపోయింది?"

"ఎక్స్‌రే."

"నువ్వింకా మొదలుపెట్టలేదనుకున్నాను!" అంది ఫిలొమీనా. "ఇంకోటి తీసుకో కావాలంటే."

"అక్కర్లేదండీ. ఇది చూడండి."

ముగ్గుర్నీ తెర ముందుకి పిలిచింది. రెండు పళ్ళూ పక్కపక్కనే, వేర్ల కొసలదాకా తెగకుండా వచ్చాయి. పలక అడుగుదాకా దిగింది కాబట్టే కొసలు దొరికాయి. గురువారం తీసినవాటిలో పన్ను సగమైనా పడలేదు. రెంటిలో ముందున్న పన్ను వేరు కొసన పప్పుబద్దంత నల్లటి మచ్చ. వెనకదాని చుట్టూ ఎముక శుభ్రంగా, గట్టిగా ఉంది.

"వెనకది నిక్షేపంలా ఉంది. దాని జోలికి పోనక్కర్లేదు," అంది డాక్టర్ బెవిన్స్. "ముందుదాన్ని కూడా పీకక్కర్లేదు. వేరు లోపల శుభ్రం చేసి మూసేస్తే నిలుస్తుంది."

"అంటే ఒక్కటి కూడా పోదా?"

"ఒక్కటి కూడా పోదు."

తల్లి డారియో మొహంలోకి చూసింది.

"ఏరా, బుధవారం రెండూ పీకించేస్తానన్నావట? పీడా పోతుందన్నావట?"

"అమ్మా, నీకెలా..."

"తలుపు వేసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు."

* * *

మంగళవారం మీటింగు గదిలో ఆస్ట్రాండర్ మొదటి అయిదు నిమిషాల్లోనే తేల్చేసినట్టు మాట్లాడాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు ఇదే ఊళ్ళో ఫిల్ము ఫ్యాక్టరీలో చీకటి గదిలో పని మొదలుపెట్టి, సొంత కంపెనీ దాకా వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఒకసారి కుదిరిన పనిని కదపడమంటే మాత్రం ఆయనకి గిట్టదు.

"హలీనా, మూలలు తీస్తే ఎక్స్‌రే బొమ్మ మూలలు పోతాయి. డాక్టర్లు కొనేది బొమ్మని, మెత్తదనాన్ని కాదు. రోగి పది సెకండ్లు ఓర్చుకోలేడా?"

"ఓర్చుకోలేనివాళ్ళు కరవరు, ఆస్ట్రాండర్ గారూ. కరవకపోతే పలక దిగదు. పలక దిగకపోతే వేరు కొస పడదు. మూలల్లో పోయేది ఖాళీ చోటు. ఇప్పుడు మనం పోగొట్టుకుంటున్నది జబ్బున్న చోటు."

డాక్టర్ బెవిన్స్ తన కాగితం చూసింది. "పాతదానితో పాతికమందిలో తొమ్మిదిమందికి మళ్ళీ తియ్యాల్సి వచ్చింది. కొత్తదానితో ఇద్దరికి."

"పాతికమందేగా," అన్నాడు ఆస్ట్రాండర్.

"నాతో ఇరవై ఆరు," అంది బల్ల చివరినుంచి ఒక గొంతు.

రోగి తరఫున మాట్లాడటానికి డాక్టర్ బెవిన్స్ పిలుచుకొచ్చిన మనిషి అప్పటిదాకా నోరు మెదపలేదు. ఇస్త్రీ కోటు, చెవులకి ముత్యాలు, చెంప వాపు సగానికి దిగింది. ఫిలొమీనా లేచి నడుచుకుంటూ వచ్చి ఆస్ట్రాండర్ ముందు నిలబడింది.

"మీ నోట్లో ఇది ఎప్పుడైనా పెట్టుకున్నారా?"

"నేనా?"

"మీరే. మీరు చేసిన బిళ్ళ."

హలీనా కుర్చీలోంచి సగం లేచింది. "అత్తయ్యా," అంది నెమ్మదిగా.

"నువ్వుండు అమ్మాయ్. ఏవండీ డాక్టరుగారూ, కొత్త తొడుగులున్నాయా?"

ఉన్నాయి. డాక్టర్ బెవిన్స్ నవ్వు దాచుకుంటూ పాత సెన్సరుకి పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసి ఆయనకి అందించింది. ఆస్ట్రాండర్ చుట్టూ చూశాడు. పదకొండుమంది ఆయన వైపే చూస్తున్నారు. వెనక్కి తగ్గితే ఏం బావుంటుంది? నోరు తెరిచాడు.

"నాలుక కింద. లోపలికి. ఇప్పుడు కరవండి," అంది ఫిలొమీనా. "నేను పదిదాకా లెక్కపెడతాను. ఒకటి... రెండు... మూడు..."

నాలుగు దగ్గర ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిదనేలోపు దగ్గుతూ పలకని అరచేతిలోకి ఊసేశాడు.

"నాటకమా?" అంది ఫిలొమీనా మర్యాదగానే.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆస్ట్రాండర్ రుమాలుతో మూతి తుడుచుకుని, నీలం పలక వైపు చెయ్యి చాచాడు. డాక్టర్ బెవిన్స్ దానికీ తొడుగు వేసి ఇచ్చింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే నోట్లో పెట్టుకుని కరిచాడు.

ఫిలొమీనా పదిదాకా లెక్కపెట్టింది. పదిహేను. ఇరవై. ఆయన ఇంకా కరిచే ఉన్నాడు. చూపు మాత్రం గోడ దాటి ఎక్కడికో పోయింది.

పలక తీసి బల్ల మీద పెట్టాక మెల్లగా అన్నాడు. "ఫిల్ము రోజుల్లో నర్సులు పళ్ళ ఎక్స్‌రే ఫిల్ము మూలలు మడిచి రోగి నోట్లో పెట్టేవారు. బొమ్మ పాడవుతుంది, మడవొద్దని మేం పెట్టె మీద అచ్చేసి పంపేవాళ్ళం. అయినా మడిచేవారు. ఎందుకు మడుస్తారా అని చిరాకుపడేవాణ్ణి." నీలం పలక అంచు వేలితో తడిమాడు. "ఇందుకన్నమాట."

"నా నోట్లో కూడా మడిచే పెట్టేది ఒకావిడ," అంది ఫిలొమీనా. "ఆవిడ రిటైరయ్యాక నా కష్టాలు మళ్ళీ మొదటికొచ్చాయి."

ఆస్ట్రాండర్ జేబులోంచి పెన్ను తీశాడు. హలీనా ముందున్న డ్రాయింగు తనవైపు తిప్పుకుని, కింది మూల సంతకం చేశాడు. "తయారీ అచ్చులకి పంపించండి. మూడు సైజులూ. పిల్లలది ముందు."

గది ఒక్కసారి గోలగోలైంది. ఏడాదిన్నరగా ఆమెతో వాదించిన మనుషులే చప్పట్లు కొట్టారు. హలీనా ఆ సంతకాన్ని చూస్తూ, పైకే నవ్వేసింది.

అరగంట తరవాత డాక్టర్ బెవిన్స్‌ని సాగనంపి హలీనా కారు దగ్గరికి వచ్చేసరికి, అత్తగారు అప్పటికే ముందు సీట్లో కూచుని పెదాలకి రంగు వేసుకుంటోంది. మంచు సన్నగా పడుతోంది.

"అత్తయ్యా, మీకెలా థాంక్స్ చెప్పాలో నాకు..."

"చెప్పకు. పని చెయ్యి." ఫిలొమీనా చిన్న అద్దంలో పెదాలు సరిచూసుకుంది. "మీ ఆస్ట్రాండర్‌కి భార్య పోయి నాలుగేళ్ళయిందట."

"అవును. అయితే?"

"శుక్రవారం చేపల వేపుడు తినడానికి రమ్మన్నాడు. అటు సరస్సు ఒడ్డున ఏదో చోటుందట."

హలీనా తాళంచెవి తిప్పబోయి ఆగిపోయింది. "ఎవర్ని రమ్మన్నారు? మనల్నా?"

"నన్ను."

"మీరేమన్నారు?"

"పంటి పని గురువారానికల్లా అయిపోతుందన్నాను." ఆవిడ లిప్‌స్టిక్ మూత పెట్టింది. ఆ వాచిన చెంప మీద కూడా సిగ్గు తెలుస్తూనే ఉంది. "సరే, అదిగో, డారియో వస్తున్నాడు. వాడికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

రోడ్డుకి అటుపక్క బండి ఆపి, చేతిలో పూలగుత్తితో డారియో వీళ్ళకేసి పరిగెత్తుకొస్తున్నాడు.